వసంతంలో ఏ ముడి వేద్దాం? జారుముడి, జడచుట్టు, పక్కకొప్పు, ఫ్రెంచ్ రోల్

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని సామెత. అందం సంగతి సరే, పొద్దున ఏడింటికి పెట్టిన కొప్పు మధ్యాహ్నం భోజనాల బంతి లేచేదాకా నిలుస్తుందా అన్నది సామెత చెప్పదు. ఉగాదితో మొదలై వైశాఖం పెళ్లిళ్ల దాకా సాగే మన వసంతంలో అసలు ప్రశ్న అదే. ఫోనులో చూసి మనం ముచ్చటపడే మెత్తని, వదులు వదులు ముడుల్లో చాలావరకు చల్లటి దేశాల వసంతానికి సరిపోయేవి. మనకేమో చైత్రం వచ్చేసరికి, విజయవాడలో పొద్దున పదింటికే చెవుల వెనక నుంచి చెమట దిగుతుంది.

ఈ పాఠం నేను ఊరికే నేర్చుకోలేదు. కొన్నేళ్ల కిందట వైశాఖమాసంలో, రాజమహేంద్రవరంలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. నేను తోడపెళ్లికూతురిని. పార్లర్ అమ్మాయి వేడి రాడ్డుతో పాయపాయనూ ఉంగరాలు తిప్పి, వెనక వదులుగా మెస్సీ బన్ను వేసింది. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఆ పొద్దునే తలంటుకున్న జుట్టు, పైగా గోదావరి గట్టు తేమ. జీలకర్ర-బెల్లం పెట్టేసరికి ఉంగరాలు నానిన సేమియాలా సాగాయి. తలంబ్రాల వేళకు బన్ను మెడ దాటి వీపు మీదకు దిగింది. ఆల్బంలో పెళ్లికూతురు నవ్వుతూ ఉంటే, వెనక నేను ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో ముడి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రాత్రి దువ్వుకుంటే పసుపు బియ్యం రాలుతూనే ఉంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ రోజుకు, ఆ ఊరికి సరిపడని ముడిని నేనే ఏరికోరి అడిగాను. వేడితో తిప్పిన ఉంగరం వెంట్రుక పొడిగా ఉన్నంతసేపే నిలుస్తుంది. గాలిలోని తేమ లోపలికి దూరిందంటే వెంట్రుక తన పుట్టు రూపానికి వెళ్లిపోతుంది. కాకినాడ, బందరు, విశాఖ వైపు ఉండేవాళ్లు ఉంగరాల మీద ఆధారపడే ముడి జోలికి పగటిపూట పోకపోవడమే మంచిది. హైదరాబాదు, వరంగల్లు ఎండ పొడి ఎండ. అక్కడ ఉంగరాలు ఇంకొంతసేపు ఆగుతాయి కానీ పైపై వెంట్రుకలు పొడిబారి లేస్తాయి. దానికి మందు మన ఇంట్లోనే ఉంది: రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో బాగా రుద్దుకుని, ముడి అంతా అయ్యాక పైపైన ఒక్కసారి తడిమితే చాలు. మూడో చుక్క వేశారా, ఫోటోల్లో తల మెరిసిపోతుంది.

ఇంకొక మాట. మెత్తగా కనిపించే ముడిని మెత్తగా వేయకూడదు. లోపల బిగువు, బయట వదులు, అదే కిటుకు. ముందు రబ్బరు బ్యాండుతోనో జడతోనో గట్టి కుదురు కట్టుకోవాలి. ముడి చుట్టి, పిన్నులు దిగ్గొట్టి, తల అటూ ఇటూ ఊపి చూసుకుని, అప్పుడు చూపుడు వేలు, బొటనవేలితో పైపాయలను అక్కడక్కడ అర అంగుళం లాగాలి. మొదటినుంచే వదులుగా చుట్టుకుంటూ పోయిన ముడి మెట్లు దిగుతుండగానే ఊడుతుంది. బిగువన్నానని కుదుళ్లు పీకేలా కట్టమని కాదు. కణతల దగ్గర చర్మం లాగినట్టుంటే విప్పి మళ్లీ కట్టుకోండి. రోజూ అలా లాగి కడితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది.

జారుముడి

మెడ వంపు దగ్గర, కిందుగా, కాస్త జారినట్టు ఉండే ముడి. పార్లర్లలో లో బన్ను అంటారు కానీ జారుముడి అన్న మాటలోనే దాని సొగసంతా ఉంది. పది మందిలో ఏడుగురికి నేను చెప్పేది ఇదే. భుజాలు దాటిన జుట్టు ఏదైనా చాలు, పావుగంటలో అయిపోతుంది, పట్టుచీరకూ నూలుచీరకూ లంగావోణీకీ నప్పుతుంది. మగ్గం పనిచేసిన జాకెట్టు వీపును జడలా కప్పేయదు.

వేసే తీరు చెబుతాను. ముందు పాపిడి తీయండి. నడిపాపిడి అయితే కాస్త పెద్దరికం, పక్కపాపిడి అయితే కాస్త చిలిపిదనం. చెవుల ముందు సన్నని పాయ చెరొకటి వదిలి, మిగిలిన జుట్టంతా మెడ దగ్గర బ్యాండు వేయాలి. నడినెత్తి మీద పాయలను వేలి కొసలతో కొంచెం పైకి లేపితే తల నున్నగా అతుక్కుపోయినట్టు ఉండదు. ఇప్పుడు జుట్టును రెండు పాయలు చేసి తాడు పేనినట్టు ఒకదానిమీద ఒకటి మెలివేసి, బ్యాండు చుట్టూ చుట్టి కొసను కిందకు దూర్చేయండి. పిన్నులు ఇక్కడ ముఖ్యం. చిన్న నల్ల పిన్నులో ఒక వైపు అలలు అలలుగా ఉంటుంది చూడండి, ఆ వైపు మాడుకు ఆనాలి. చాలామంది తిరగేసి పెడతారు, అందుకే జారిపోతుంది. ముడి అంచుల్లో వాడేది పెద్ద యూ పిన్ను. ముడి బయటి వెంట్రుకలను కొద్దిగా పట్టుకుని, పిన్నును నిలువుగా గుచ్చి, లోపలికి మడిచి, ముడి మధ్య వైపు తోయాలి. అలా నాలుగు దిక్కులా నాలుగు పెడితే, పెళ్లిలో ఎవరి పిల్లవాడైనా చంకనెక్కి ముడి పట్టుకు లాగినా ఊడదు.

దీని లోపం కూడా చెప్పాలి. కారు సీటుకు తల ఆనితే ముడి అప్పడంలా అణుగుతుంది. దూరప్రయాణం ఉంటే ముందు సీటు వదిలేసి వెనక ఓరగా కూర్చోండి. స్కూటీ మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ కింద ఈ ముడి కుదరదు, ఇంట్లో జడ అల్లుకుని మండపానికి వెళ్లాక చుట్టుకోవాలి. మెడ పైదాకా మూసి కుట్టించిన జాకెట్టుకు కూడా ఇది పడదు. తల తిప్పినప్పుడల్లా కాలరు రాసుకుని ముడి కింది భాగం రేగిపోతుంది. అలాంటి జాకెట్టు అయితే మూడు వేళ్ల మందం పైకి జరపండి.

జడచుట్టు ముడి

ఉగాది పొద్దునకు నా ఓటు దీనికే. కారణం పండగలోనే ఉంది. తలంటుకున్న రోజున జుట్టు జారుతుంది, ముందురోజు తలంటుకున్న జుట్టే ముడికి బాగా పట్టు ఇస్తుంది. కానీ చైత్రశుద్ధ పాడ్యమి నాడు అభ్యంగన స్నానం మానుకోము కదా. కుంకుడుకాయ రసంతో రుద్దిన జుట్టు ఇంకా జారుడుగా, మెత్తని పట్టులా ఉంటుంది. దాన్ని ఊరికే చుడితే నిలవదు. జడ అల్లితే పాయ పాయను పట్టుకుంటుంది, అప్పుడు చుట్టినా నిలుస్తుంది.

పూర్తిగా ఆరనివ్వండి, ఇది మరీ మరీ చెబుతున్నాను. తడి జుట్టుతో జడ అల్లి ముడి చుడితే సాయంత్రానికి లోపల ఇంకా చెమ్మగానే ఉండి వాసన వేస్తుంది. ఆరాక మెడ దగ్గర నుంచి మూడు పాయల జడ అల్లి, కొస దాకా అల్లిన తర్వాత ఒక్కొక్క పాయ అంచును బయటకు లాగండి. సన్న జడ వెడల్పు జడ అవుతుంది, మెత్తదనమంతా ఆ లాగడంలోనే వస్తుంది. ఇక చక్రంలా చుట్టి పిన్నులు పెట్టడమే. పొడవు జుట్టు ఉన్నవాళ్లకు ఇది వరం, నడుము దాటిన జుట్టును జారుముడిగా చుడితే బరువుకు నిజంగానే జారుతుంది. పలచటి జుట్టు వాళ్లు జడలో చిన్న సవరం కలుపుకోవచ్చు. సవరం రంగు మీ జుట్టు కొసల రంగుతో సరిపోతుందో లేదో పగటి వెలుతురులో చూసి కొనండి. దుకాణంలో దీపాల కింద అన్నీ నలుపే.

శ్రీరామనవమి పందిట్లో కూర్చునేవాళ్లకూ ఇదే. భద్రాచలంలో కల్యాణం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది. మిథిలా మైదానంలోనే కాదు, మీ వీధి చివరి పందిట్లోనైనా ఆ వేళ ఎండ అలాగే ఉంటుంది. మెడ మీద ఒక్క వెంట్రుక కూడా పడకుండా, పానకం గ్లాసులు అందించడానికి పదిసార్లు వంగినా కదలకుండా ఉండేది జడచుట్టు ముడే. అదే ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం చూడబోతున్నారనుకోండి, అది రాత్రిపూట, వెన్నెల్లో. అక్కడికి జారుముడి వేసుకుని మల్లెలు పెట్టుకుని హాయిగా వెళ్లవచ్చు. రాముడు ఒక్కడే, ముడులు వేరు.

పక్కకొప్పు

ఇది మనకు కొత్తేమీ కాదు. గోదాదేవి విగ్రహాల్లో కొప్పు పక్కకు వాలి ఉంటుంది. లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రాలు చూస్తూ తలెత్తి నిలబడినవాళ్లకు ఆ స్త్రీల చీరల అంచులెంత గుర్తుంటాయో కొప్పులూ అంతే గుర్తుంటాయి. ఇప్పటి పార్లర్ పక్కకొప్పు దానికంటే చిన్నది, వదులైనది. ఒక చెవి వెనకగా కిందకు వాలుతుంది. ముందు నుంచి తీసిన ఫోటోలో కనిపించే ముడి ఇదొక్కటే. మిగతావన్నీ పక్కకు తిరిగితేనే కనిపిస్తాయి. అందుకే నిశ్చితార్థానికి, రిసెప్షన్‌కు, అంటే ఎదురుగా కెమెరా ఉండి మీరు ఒకచోట కూర్చునే సందర్భాలకు ఇది బాగుంటుంది.

కానీ ఏ పక్క వేయాలో చాలామంది ఆలోచించరు. పైట ఎడమ భుజం మీద ఉంటుంది. కొప్పూ ఎడమ పక్కే వాలితే పైట కుచ్చిళ్లు, పిన్ను, పూలు, లోలాకు అన్నీ అక్కడే పోగవుతాయి, కుడిపక్క బోసిపోతుంది. కుడి చెవి వెనక వేయండి. వధూవరులు పక్కపక్కన కూర్చునే చోటైతే, కాబోయే వరుడు ఏ పక్క కూర్చుంటాడో కూడా కనుక్కోవాలి. కొప్పు అతని భుజానికి రాసుకుంటుంటే రెండు గంటలూ తల వంచుకునే కూర్చోవాలి. బరువు ఒకవైపే పడుతుంది కనుక మెడ నొప్పి ఉన్నవాళ్లు, మందపాటి జుట్టువాళ్లు దీన్ని వదిలేయడం మంచిది.

ఫ్రెంచ్ రోల్, పొట్టి జుట్టు మడత

ఫ్రెంచ్ రోల్ అందరికీ తెలిసిందే, వెనక నిలువుగా గవ్వలా మడత. నా మట్టుకు నాకు అది మెత్తని ముడి అనిపించదు. దాని అందం నునుపులో ఉంది, దాన్ని వదులు చేస్తే గవ్వ పోయి గంప మిగులుతుంది. సాయంత్రం, ఏసీ హాలు, సన్నంచు చీర, ఒంటి వరుస ముత్యాలు, అలాంటి చోట దానికి సాటి లేదు. పూలు మాత్రం ఇమడవు, పక్కన ఒక్క గులాబీ తప్ప. మల్లెలు పెట్టుకోవాలని ఉంటే మొదటే దీన్ని మరిచిపోండి.

భుజాల దగ్గరికి కత్తిరించిన జుట్టుకు వేరే దారి ఉంది. మెడ దగ్గర వదులుగా బ్యాండు వేసి, బ్యాండుకు పైన జుట్టులో వేళ్లతో సందు చేసి, కింది కొసలను అందులోంచి పైనుంచి లోపలికి దూర్చి, మిగిలిన జుట్టంతా ఆ సంచిలోకే మడిచేయడం. నాలుగైదు పిన్నులతో అయిపోతుంది. చూసినవాళ్లు జుట్టు పొట్టిదని అనుకోరు. బ్యాండు మరీ బిగిస్తే సందు పడదు, అదొక్కటే చూసుకోండి.

సగం ముడి, అంటే పైసగం ముడిచి కిందిసగం వదిలేసేది, ఫోనులో చూసే వసంతం ముడుల మధ్య ఎప్పుడూ కనిపిస్తుంది. దాని గురించి ఒక్కమాటే: మెడ మీద పరచుకున్న జుట్టుతో ఏప్రిల్ మధ్యాహ్నం కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది. ఇక మెస్సీ బన్ను. ఉగాదిని చలిదేశాల్లో, హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే మనవాళ్లకు అది చక్కగా పనికొస్తుంది. అక్కడ చెమట లేదు, కోటు వేసుకుని విప్పేటప్పుడు రేగిన జుట్టు కూడా ముడిలో భాగంగానే కలిసిపోతుంది. ఇక్కడ పెళ్లిలో మాత్రం తలంబ్రాల బియ్యాన్ని చేటలా పట్టుకుంటుంది.

పెళ్లికూతురి సంగతి వేరు

ముహూర్తానికి పూలజడ వేసేవాళ్లు ఎలాగూ వేస్తారు. ముడే కావాలనుకునే పెళ్లికూతురు రెండు విషయాలు ముందే చెప్పుకోవాలి. జీలకర్ర-బెల్లం పెట్టేది నడినెత్తిన. అక్కడ జుట్టును వెనక్కు దువ్వి, స్ప్రే కొట్టి ఉబ్బెత్తుగా నిలబెడితే తమలపాకు ఆనదు, బెల్లం జిగురు ఉబ్బులోకి దిగుతుంది. రిసెప్షన్‌కు తల కడగకుండా తప్పదు. కాబట్టి నెత్తి మీద నున్నగా, వెనక మాత్రమే వదులుగా ఉండే జడచుట్టు ముడి అడగండి. రెండోది బాసికం. నుదుట కట్టి దారాలను తల వెనక ముడివేస్తారు. ముడి చాలా కిందకు ఉంటే దారం దాని మీదుగా జారిపోతుంది. చెవుల పైఅంచు ఎత్తులో ముడి ఉంటే దారం దాని కింద కుదురుగా ఆగుతుంది. పార్లర్ అమ్మాయి పెళ్లి తంతులన్నీ ఎరిగి ఉండాలని లేదు, చెప్పాల్సింది మనమే. కుదిరితే నాలుగు రోజుల ముందు ఒకసారి వేయించుకుని, రెండు గంటలు ఇంట్లో పనులు చేసుకుంటూ తిరిగి, వెనక నుంచి ఒక ఫోటో తీయించుకోండి.

గుండ్రటి ముఖానికి ఇది, కోలముఖానికి అది అని చెప్పే సలహాలను నేను పెద్దగా పట్టించుకోను. మెడ పొట్టిగా ఉంటే ముడిని నాలుగు వేళ్లు పైకి జరపడం, నుదురు వెడల్పయితే ముంగురులు రెండు వదలడం, అంతకు మించి లెక్కలు అక్కర్లేదు.

పూలు

ముడి మెత్తగా కనిపించడానికి సగం కారణం పూలే, అందుకే పూలను చివర్లో గుర్తుచేసుకోవడం పొరపాటు. మల్లెలను పొద్దున మొగ్గలుగా కోస్తారు, అవి విచ్చుకునేది పొద్దు వాలాక. అంటే ఉగాది పొద్దున పూజకు పెట్టుకున్న మల్లెమొగ్గలు మధ్యాహ్నం దాకా మొగ్గలుగానే ఉంటాయి, వాసన తక్కువ. నిన్నటి పూలు కొంటే విచ్చుకునే ఉంటాయి కానీ మధ్యాహ్నానికి అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. పొద్దుటి వేళకు కనకాంబరాలు, మధ్యలో మరువం లేదా దవనం కట్టిన మాల మేలు. కనకాంబరానికి వాసన లేదు, ఆ లోటు మరువం తీరుస్తుంది. రాత్రి లగ్నమైతే ఇక మల్లెలదే రాజ్యం. సాయంత్రం నాలుగింటికి మొగ్గలమాల ముడి చుట్టూ పెట్టుకుంటే, దీపాలు వెలిగే వేళకు మీ తలలోనే విచ్చుకుంటాయి. రాత్రి ముహూర్తాలకు నిద్రతో తూలే మనుషుల్ని లేపేది సన్నాయి కాదు, ఆ వాసన.

జారుముడికి కింది అంచున అర్ధచంద్రంలా ఒక మూర చాలు. జడచుట్టుకు చుట్టూ తిప్పాలంటే రెండు, ఒత్తుగా కావాలంటే మూడు. అమ్మేవాళ్ల మూర, కొనేవాళ్ల మూర ఎప్పుడూ ఒకటి కాదు కనుక, ఒక జానెడు ఎక్కువే అడగండి. పక్కకొప్పుకు బరువైన మాల వద్దు, చిన్న గులాబీలు రెండో మూడో కింది అంచున గుచ్చితే సరి. తడిగుడ్డలో చుట్టి ఉంచిన పూలను బాగా విదిలించి మరీ పెట్టుకోవాలి. నీళ్లు ముడిలోకి దిగితే పైన ఎంత బాగా వేసినా మెత్తబడి జారుతుంది. మాలను జుట్టుకు కాదు, యూ పిన్నుకు దారంతో ఒక ముడివేసి ఆ పిన్నును గుచ్చండి. విప్పేటప్పుడు పూలతోపాటు వెంట్రుకలు రావు.

విప్పడం కూడా అంత తేలిక కాదు. ముందు పూలు, తర్వాత బయటి యూ పిన్నులు, ఆపైన లోపలి నల్ల పిన్నులు, చివర బ్యాండు. అప్పుడు కొసల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి. రాడ్డు వేడి, స్ప్రే తగిలిన జుట్టయితే అరచెంచా నూనె పట్టించాకే దువ్వెన పెట్టండి. పిన్నులను పెట్టేటప్పుడే లెక్కపెట్టించుకోండి. పద్నాలుగు పెట్టి పదమూడు తీశారంటే, పద్నాలుగోది దిండు మీద తల వాల్చగానే తానే దొరుకుతుంది.